చివరి రెండు అంకెలు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కదిలేసరికి తొమ్మిదిన్నర. మీటింగు పదకొండుకు. దారి గంట, వడ్లు ఆరబోసిన చోట బస్సు మెల్లగా పోతే ఇంకో పావుగంట. విమలమ్మకు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవడానికి పద్మలతకు మిగిలింది అంతే. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ ఎండవైపు దొరికింది, ఏప్రిల్ ఎండ ఈ వేళకే మోచేతిని కాలుస్తోంది, లేచి మారదామంటే బస్సు అప్పుడే నిండిపోయింది. ఒళ్లో బ్యాగు. ఎప్పుడూ ల్యాప్‌టాప్ ఉండే అరలో ఈ రోజు ఒక నోటుబుక్కు ఉంది, భిక్నూరులో హన్మండ్లు అనే రైతు పొద్దున ఏడింటికి హైవే పక్కన నిలబడి చేతికిచ్చినది, ఆయన మనవరాలు మూడో తరగతిలో సగం వాడి వదిలేసిన పుస్తకం. ముందు సగం ఎక్కాలు. వెనక సగం నలభై మూడు మంది పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏం కావాలో. చక్రాల కుర్చీ. చంకకర్రలు. తలకాడ లేపే మంచం. గాలి మిషను. ఈ నలభై మూడు మంది ఫోన్ చేసింది ఎల్లారెడ్డిలో ఉన్న విమలమ్మకు. మోగింది భిక్నూరులో హన్మండ్లు జేబులో. పద్మలత తయారుచేసిన వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. అరవై తొమ్మిది ఉండాల్సిన చోట తొంభై ఆరు పడింది. ఏడు వారాలు అలాగే ఉంది.

"ఆధార్ కార్డులు చేతుల పట్టుకోండ్రి అమ్మా, జల్ది జల్ది," కండక్టరు ముందు నుంచి వస్తోంది. పద్మలత కార్డు తీసింది, దాని మీది నంబరు చూసింది, పన్నెండు అంకెలు, నాలుగు నాలుగుగా విడదీసి. ఎవరో ఒకరు కూర్చుని కొట్టే ఉంటారు ఇవన్నీ, ఇంత మందివి, ఎన్నెన్ని తప్పులు పోయి ఉంటాయి, వాళ్లలో ఎవరైనా ఇలా బస్సెక్కి ఒప్పుకోవడానికి పోయారా. పోయి ఉండరు. అయినా ఈ ఆలోచన దేనికి, తన తప్పును గుంపులో కలిపేయడానికే కదా. టికెట్టు తీసుకుని కార్డు లోపల పెట్టింది. బస్సు ఊరు దాటుతోంది, ఆమె కళ్లు అలవాటుగా బోర్డుల మీదికి పోతున్నాయి, చిన్నప్పటి నుంచి ఊరంటే ఆమెకు బోర్డులే, ఎందుకంటే వాళ్ల బాపు లింబాద్రి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు రాకముందు కామారెడ్డిలో ఈ వైపు సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. బోర్డు పూర్తయ్యాక బ్రష్షు కడగకముందే ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి పోయి, తాను రాసిన నంబరు బోర్డు మీద చూస్తూ ఒక్కొక్క అంకె నొక్కేవాడు, దుకాణంలో సేటు ఫోనెత్తి హలో అంటే, "ఏం లేదు సేటు, నేనే, మోగుతుందా లేదా అని," అని పెట్టేసేవాడు. బొమ్మ వంకర పోతే నవ్వుతరు, నంబరు వంకర పోతే దుకాణమే పోతది, అనేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఆగింది, బిడ్డ కంప్యూటరు నేర్చుకుంది, అదే వీధిలో చిన్న గది తీసుకుని బోర్డుల బదులు వెబ్‌సైట్లు చేస్తోంది, ఆయన పొద్దున వచ్చి షట్టరు ఎత్తి ఊడ్చి కూర్చుంటాడు. నిన్న సాయంత్రం టీ తెచ్చి, "ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు. "నెట్ వస్తలేదు బాపు," అంది. ఆయనకే చెప్పలేకపోయింది.

విమలమ్మ ముప్పై ఏళ్లు ప్రభుత్వ నర్సుగా పోచారం అడవి అంచు తండాలన్నీ తిరిగిన మనిషి. చుట్టుపక్కల అందరికీ సిస్టరమ్మ. రిటైరయ్యాక ఎల్లారెడ్డిలో రాజయ్య అనే పాత పరిచయస్తుడు ఊరికే వాడుకోమని ఇచ్చిన గదిలో మంచాలు, కుర్చీలు, నీళ్ల పరుపులు, గాలి మిషన్లు పోగుచేసింది. ఇంట్లో ముసలివాళ్లు పోయాక మూలన పడి ఉన్నవాటిని అడిగి తెచ్చుకుంది, కొన్ని హైదరాబాదు నుంచి ఎవరో పంపారు. దానికి ఊతం అని పేరు పెట్టింది. పద్ధతి ఒక్కటే. అవసరమున్నన్ని రోజులు వాడుకో, అయిపోయినంక కడిగి తెచ్చియ్యి. పద్మలత మొదటిసారి కలిసినప్పుడు ఆమె గదిలో కూర్చోబెట్టి, "నాకు ఇంటర్నెట్ తెల్వది బిడ్డా, కని తండల కాలు ఇరిగినోని చేతిల గూడ ఫోన్ ఉంటది, వాడు నన్ను ఎట్ల కనుక్కోవాలె, గా సంగతి చూడు," అంది. అంతకంటే మంచిగా ఈ పని గురించి ఎవరూ చెప్పలేదు. విత్తనాల దుకాణం వాళ్లు కదిలే బొమ్మలు అడిగారు, టెంట్ హౌస్ వాళ్లు పక్క టెంట్ హౌస్ కంటే పెద్దగా కావాలన్నారు, ఎవరూ వచ్చేవాడు ఎట్ల కనుక్కుంటాడు అని అడగలేదు. ఆ రోజు సాయంత్రం దాకా పద్మలత అక్కడే కూర్చుని విమలమ్మ దగ్గరికి వచ్చినవాళ్ల మాటలు రాసుకుంది. హాస్పిటల్ బెడ్ అని ఎవ్వరూ అనలేదు. తలకాడ లేపే మంచం అన్నారు. ఆక్సిజన్ యంత్రం అనలేదు, గాలి మిషను అన్నారు. అవే మాటలు వెబ్‌సైట్‌లో పెట్టింది. రాయడం రానివాళ్లు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి వెతుకుతారు కాబట్టి వాళ్లు మాట్లాడేటట్టే రాసింది. సిగ్నలు సరిగా లేని తండాలో కూడా తెరుచుకోవాలని ఫొటోలు రెండే ఉంచింది, అవి కూడా మంచానివి, కుర్చీవి, మంచాన పడ్డవాళ్లవి కావు. ఏడుస్తున్న మొహం పెడితే దాతలు ఎక్కువ వస్తారని ఎవరో చెప్పారు, పెట్టలేదు, ఇది దాతల కోసం చేసింది కాదు. తెరవగానే పెద్ద ఆకుపచ్చ బటన్, దాని మీద ఫోన్ చేయండి. నొక్కితే చాలు. ఇంత బాగా ఆలోచించింది. ఇంతా ఆలోచించి ఆ బటన్ వెనక వేరే మనిషి నంబరు పెట్టింది.

తాడ్వాయి దగ్గర రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు పోశారు, బస్సు మిగిలిన సగంలోంచి నడక మాదిరిగా పోతోంది, ఒకామె కాళ్లతో వడ్లు తిరగేస్తూ బస్సు చప్పుడుకు కూడా తలెత్తలేదు. నిన్న మధ్యాహ్నం రెండింటికి విమలమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. "రేపు పదకొండుకు మీటింగ్ పెట్టుకున్నం బిడ్డా. బంద్ చేద్దామని. రెండు నెలలాయె, అడిగెటోళ్లే లేరు. రాజయ్యకు గూడ రూము కావాలెనట, ఎరువుల బస్తాలు పెట్టుకుంటడట. సామాను నిజామాబాదు దిక్కు ఎవరికన్న ఇచ్చేస్తం. నువ్వు గూడ రా. నీ తప్పేం లేదు, నువ్వు మంచిగనే చేసినవ్, జనాలకే అవసరం లేనట్టుంది." వెబ్‌సైట్ వచ్చాక ఆమె బస్టాండు గోడకు కాగితాలు అంటించడం మానేసిందట, ఆశా వర్కర్లకు చెప్పడం మానేసిందట, అంతా ఫోన్లోనే చూస్తున్నారు కదా అని. పద్మలతకు అర్థం కాలేదు. అవసరం లేకపోవడమేమిటి. మీటింగులో చూపించడానికి పనికొస్తుందని లెక్కలు తెరిచింది, ఎంతమంది చూశారు, ఎక్కడి నుంచి చూశారు, ఏం నొక్కారు. ఫోన్ చేయండి అన్న బటన్ ఏడు వారాల్లో రెండు వందల పద్నాలుగు సార్లు నొక్కారు. ఆ సంఖ్య చూసి మొదట కలిగింది సంతోషమే, దాన్ని దాచడం ఎందుకు, ఒక క్షణం సంతోషమే కలిగింది, తన పని బాగుందని. తర్వాత లెక్క తట్టింది. రెండు వందల పద్నాలుగు నొక్కుళ్లు, విమలమ్మకు ఒక్క ఫోను కూడా రాలేదు. అప్పుడు, ఏడు వారాల్లో మొదటిసారి, తన ఫోనులో ఆ బటన్ తనే నొక్కింది. రెండుసార్లు మోగాక ఒక మగ గొంతు. "ఆ చెప్పుండ్రి. కుర్చీకా, మంచానికా? మీ పేరు, ఊరు చెప్పుండ్రి, రాసుకుంట."

మొదటిసారి. ఇక్కడికి వచ్చేసరికి మనసు పక్కకు పోవాలని చూస్తుంది, ముందు సీటులో పసిపిల్ల తల్లి భుజం మీదుగా తననే చూస్తోంది, దాని నోట్లో బస్సు టికెట్టు, తల్లి చూసుకోలేదు, "అమ్మా, టికెట్ తింటుంది," అని చెప్పి పద్మలత మళ్లీ అక్కడికే వచ్చింది. ఎందుకు మొదటిసారి? ఊతం వెబ్‌సైట్ పెట్టిన రోజే దివాకర్ ఫంక్షన్ హాలు వెబ్‌సైట్ కూడా పెట్టింది. దివాకర్ పదిరోజులు రోజూ వచ్చి కూర్చున్నాడు, తెరవగానే సన్నాయి మోగాలన్నాడు, డ్రోను వీడియో కావాలన్నాడు, పెళ్లికూతురి తండ్రికి కావాల్సింది సన్నాయి కాదు, ఏ తేదీ ఖాళీ, ఎంతమంది పడతారు, బండ్లు ఎక్కడ పెట్టాలి, ఇవే కదా అని ఆమె నచ్చజెప్పింది. ఆ నంబరుకు మూడు వేర్వేరు ఫోన్ల నుంచి చేసి చూసింది. మూడు. అది డబ్బిచ్చే పని. ఊతం ఊరికే చేసే పని, దానికి ఆ రోజు చివర మిగిలిన అరగంట ఇచ్చింది. విమలమ్మ ఫోన్లో నంబరు చెబుతుంటే భుజానికి చెవికి మధ్య ఫోను ఇరికించుకుని కొట్టింది. ఆమె ఆరు తొమ్మిది అంది. తను తొమ్మిది ఆరు కొట్టింది. తర్వాత ఎల్లారెడ్డి పోయి చూపించినప్పుడు విమలమ్మ అద్దాలు లేకుండానే ఫోను దూరంగా పట్టుకుని, "మంచిగ కనవడుతుంది బిడ్డా," అంది. వేలు జారడం తప్పు కాదు, ఎవరికైనా జారుతుంది. చూసుకోకపోవడం వేరే. ఊరికే చేస్తున్నానన్న తృప్తిలో, ఇంత చేయడమే ఎక్కువ అన్న మాట ఎక్కడో లోపల ఉంది, పైకి అనలేదు కానీ ఉంది. సేవకు చేసే పని చూడనక్కర్లేదనుకుంది. ఇదే మాట మీటింగులో అనగలదా?

హన్మండ్లు అరవై దాటిన మనిషి, సన్నగా, నుదుటి దాకా తువ్వాలు చుట్టుకుని, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు పొద్దున. ఊతం నుంచి వస్తున్నానని మాత్రమే నిన్న ఫోన్లో ఆయనకు చెప్పింది. ఇంటికి రమ్మన్నాడు, టైము లేదంది, అయితే చాయన్న తాగుమని ధాబాలోకి తీసుకుపోయాడు. "మొదట్ల రాంగ్ నంబర్ అని పెట్టేసిన బిడ్డా. అబద్ధమెందుకు. మస్తుమందికి అట్లనే చెప్పిన. నీళ్లు కట్టేకాడ ఫోను, తినేకాడ ఫోను, ఒగలిద్దర్ని తిట్టిన గూడ." తర్వాత బీమ్లా అనే ఆమె ఒకే రోజు నాలుగుసార్లు చేసిందట. నాలుగోసారి ఆయన కసిరితే, "రాంగ్ నంబరే అని నాక్గూడ ఎర్కనే అన్నా. కని ఇంకో నంబర్ ఏడ లేదు. నువ్వన్న ఎవరినన్న అడిగి చెప్పరాదు," అందట. "గామె గట్ల అన్నంక ఇగ పెట్టెయ్య బుద్ధి కాలే. మా మనవరాలి బుక్కు తీసి రాసుడు మొదలువెట్టిన. కామారెడ్డికి పోయినప్పుడు పెద్ద దవాఖాన్ల అడిగిన, ఊతం ఏడుంటదని. తెల్వదన్నరు. నాది బటన్ల ఫోను, నాకు గందులో చూసుడు రాదు. ఎవరో ఒగరు ఎత్కులాడుకుంట వస్తరు, అప్పుడిద్దమని రాసిపెట్టిన." చాయ్ గ్లాసు కింద పెట్టి, ఎంతో మర్యాదగా, తగ్గిన గొంతుతో అన్నాడు. "నంబరు రాసినోళ్లు ఎవరో గని, జర చూసి రాయమని చెప్పు బిడ్డా." పద్మలత "చెప్త పెద్దనాయినా," అంది. అంతే అంది. ఆయన సైకిలెక్కి పోయాడు, ఆమె కామారెడ్డి బస్సెక్కింది. ఈ రోజు ఒకసారి అడిగితే ఒకసారి దాచింది. మొదటి పరీక్ష పొద్దున ఏడుంబావుకే తప్పింది.

నిన్న సాయంత్రమే నంబరు సరిచేసింది, నిమిషం పట్టలేదు. ఇప్పుడు ఎవరు నొక్కినా విమలమ్మకే మోగుతుంది. అంటే ఈపాటికి మోగడం మొదలై ఉంటుంది. అసలు ఇబ్బంది అదే. ఎవరికీ తెలియదు. మీటింగుకు పోయి, లెక్కలు చూపించి, వెబ్‌సైట్ అందరికీ చేరడానికి కొంత టైము పడుతుంది, ఇప్పుడిప్పుడే అందుకుంటోంది, ఇంకో నెల చూడండి అంటే చాలు. నమ్ముతారు. నెలలో ఫోన్లు వస్తాయి, ఊతం నిలబడుతుంది, రాజయ్య గది అడగడు. నోటుబుక్కు? దాన్ని కూడా ఎలాగో కలిపేయొచ్చు, వెబ్‌సైట్ ద్వారా వచ్చిన పేర్లు అని తనే శుభ్రంగా టైపు చేసి ఇవ్వొచ్చు, హన్మండ్లు ప్రస్తావనే లేకుండా. అందరికీ మేలే. ఎవరికి నష్టం? ఈ ప్రశ్న చాలా తేలిగ్గా వచ్చింది, దివాకర్‌కు పదిసార్లు చెప్పిన మాటల్లాగా, కస్టమరుకు ఏది చెబితే పని జరుగుతుందో అది చెప్పడం తన వృత్తిలో సగం. పోనీ నిజం చెబితే? కామారెడ్డిలో పని ఒకరి నోటి నుంచి ఒకరికి పోయే పని. లింబాద్రి బిడ్డ నంబరు తప్పు వేసిందట అన్నది తనకంటే ముందు ఊరు చేరుతుంది. ఆ మాట బాపు చెవిన పడుతుంది. పక్కన కూర్చున్న పెద్దామె, ఒళ్లో చిక్కుడు కాయల సంచి, పద్మలత వేళ్లు బ్యాగు జిప్పు లాగుతూ మూస్తూ ఉండడం చూసి, "ఏంది బిడ్డా, దవాఖానకా?" అంది. "కాదవ్వా." "మరి కోర్టుకా?" పద్మలతకు నవ్వొచ్చింది. "మీటింగుకు," అంది. "గంతేనా," అని ఆమె కిటికీలోంచి వడ్ల వైపు చూస్తూ, "మబ్బు పట్టేటట్టున్నది, ఎత్తుకుంటే మంచిగుండు," అని తనలో తను అనుకుంది.

లింగంపేట దాటాక పద్మలత నోటుబుక్కు తీసింది. బస్సు కుదుపులకు అక్షరాలు కదులుతున్నాయి, పొద్దున గబగబా తిప్పిందే కానీ చదవలేదు, హన్మండ్లు చేతిరాత పెద్దది, పేజీకి నలుగురే పట్టారు. ఒక్కో పేరు దగ్గర అడిగి రాసుకున్నది కాక ఆయనకు గుర్తున్నది కూడా రాశాడు. రాజమణి, ఉత్తునూరు దిక్కు, చంకకర్రలు, కొడుకు ట్రాక్టర్ మీద కెల్లి పడ్డడు. చంద్రవ్వ, గాలి మిషను, దమ్ము, మెల్లగ మాట్లాడుతది. ఒకచోట పేరే లేదు, తాత, చెవుడు, ఏం గావాల్నో సమజ్ కాలే, మళ్ల చెయ్యాలె. వీళ్లకు ఇప్పుడే బస్సులోంచి ఫోన్ చేస్తే? సిగ్నలు ఒక గీత ఉంది, పోయింది, మళ్లీ వచ్చింది. చేసి ఏమంటుంది, మంచాలు తన దగ్గర లేవు, తాళం విమలమ్మ దగ్గర ఉంది, పదకొండుకు జరిగే మీటింగులో ఆ మంచాలు నిజామాబాదు పోతాయో ఉంటాయో తేలాలి. మొదటి పేజీకి వెళ్లింది. మొట్టమొదటి పేరు బీమ్లా. తండా పేరు, నంబరు, లేపే మంచం, భర్తకు పక్షవాతం. ఆ వరుస చివర వేరే పెన్నుతో, వేరే రోజు రాసినట్టు ఒక మాట ఉంది. పోయిండు. పద్మలత దాన్ని మొదట ఊరి పేరేమో అనుకుంది. తర్వాత అర్థమైంది. ఊతం జాడ దొరకలేదని చెప్పడానికి హన్మండ్లు ఆమెకు తిరిగి ఫోన్ చేసి ఉంటాడు, అప్పుడు చెప్పి ఉంటుంది. మంచం ఉంటే బతికేవాడా? తెలియదు. పక్షవాతం వచ్చిన మనిషి, మంచంతో బతకడు, మంచం లేక చావడు. కానీ నేల మీద పడుకుని పోయాడు, లేదా నులక మంచం మీద, తల ఎత్తలేక, నీళ్లు మింగలేక, ఆమె ఒక్కతే లేపుతూ. దానికి పేరు పెట్టాలంటే ఏ పేరు పెట్టాలో పద్మలతకు తెలియలేదు. ఎవరికి నష్టం అని అరగంట కింద అడిగింది కదా. నోటుబుక్కు మూసింది. శుభ్రంగా టైపు చేస్తే ఈ పేరు ఉండదు, మంచం అక్కర్లేని పేరు జాబితాలో ఎందుకుంటుంది. మిగతా దారి ఆమె ఏమీ ఆలోచించలేదు, ఎల్లారెడ్డి బస్టాండులో దిగేటప్పుడు పెద్దామెకు సంచి దించిపెట్టింది, ఎండలో పది నిమిషాలు నడిచింది.

గదిలో ముగ్గురే ఉన్నారు. విమలమ్మ, గది యజమాని రాజయ్య, ఇంకొక రిటైరైన పంతులు. వెనక గోడకు మడిచిన చక్రాల కుర్చీలు, విప్పదీసి ఆనించిన ఇనుప మంచాలు, వాటి మీద దుమ్ము పడకుండా పాత చీర. పద్మలత గడపలో చెప్పులు విడుస్తుండగానే విమలమ్మ లేచి ఎదురొచ్చింది, మొహమంతా నవ్వు. "అగో వచ్చింది! బిడ్డా, పొద్దుగాల సంది ఐదు ఫోన్లు! అన్నీ నీ వెబ్‌సైట్ల చూసినోళ్లే! బంద్ ముచ్చట ఇగ ఎత్తద్దని చెప్తున్న ఈళ్లకు. ఏం మాయ చేసినవే?" రాజయ్య కూడా, కొంచెం నీరసంగానే, "మంచి పనిమంతురాలే అమ్మా," అన్నాడు. కుర్చీ వేశారు. నీళ్లిచ్చారు. పద్మలత నీళ్లు తాగింది. బస్సులో తయారుచేసుకున్న రెండు రకాల మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టింది.

"మాయ కాదమ్మా. నంబరు తప్పు వేసిన. నేనే. ఏడు వారాల సంది మీకు చేసిన ఫోన్లన్నీ భిక్నూర్ల ఒకాయనకు పోయినయ్. నిన్న సాయంత్రం చూసి మార్చిన. దివాకర్ ఫంక్షన్ హాల్‌ది మూడుసార్లు చేసి చూసిన. మీది ఒక్కసారి గూడ చూడలే. గాయిన ఇందులో రాసిపెట్టిండు."

విమలమ్మ టేబుల్ మీద తడుముతూ అద్దాలు వెతికి పెట్టుకుంది, పుస్తకం వెనక నుంచి తెరిచి, వేలు కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుస దగ్గరే వేలు ఆగింది.

"ఈ తండా ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు," అంది. "బీమ్లా. ఈమె కాన్పు నేనే చేసిన." తల తిప్పి గోడ వైపు చూసింది. "మంచం ఈడనే ఉండె."

"అయిందేదో అయిపాయె సిస్టరమ్మా, పిల్ల కావాల్నని చేసిందా," అన్నాడు పంతులు.

"అయిందేదో అయిపాయె అనకు సారూ. నువ్వు గట్ల అనకు." గొంతు పెరగలేదు. పద్మలతను చూడలేదు. పేజీలు తిప్పుతూ పోయింది, నర్సు చదివే తీరు అది, పేర్లు కాదు, జబ్బులు చదువుతోంది, ఒక్కోచోట గోటితో గీత పెడుతోంది. "మరి బుక్కుల రాయకముందు చేసినోళ్లు? వాళ్ల సంగతేంది?"

"తెల్వదమ్మా. గాయిన రాంగ్ నంబర్ అని పెట్టేసిండట. పేర్లు లెవ్వు."

"లెవ్వు," అంది విమలమ్మ. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. కాగితాలు మళ్లీ బస్టాండుల అంటించాలె, ఆశా పిల్లలకు చెప్పాలె అని ఎవరితోనో అన్నట్టు అంది, రాజయ్య తాళంచెవి వేలికి తిప్పుతున్నవాడు ఆపేసి జేబులో వేసుకుని, "నా ఆటోట్రాలీ ఉన్నది, సామాను ఎక్కియ్యనీకి," అన్నాడు. ఎరువుల బస్తాల మాట ఎత్తలేదు. విమలమ్మ నోటుబుక్కును పద్మలత వైపు తిప్పి జరిపింది, నాలుగో పేజీలో ఒక వరుస మీద గోరు గుచ్చి.

"ఇది ముందు. భీమ్‌సింగ్, ఈపుకు పుండ్లు పడ్డయని రాసిండు. పుండ్లు ఆగయ్. నువ్వే చెయ్."

పద్మలత నంబరు నొక్కింది, పుస్తకం చూసి ఒక్కొక్క అంకె, పది నొక్కాక మళ్లీ మొదటి నుంచి సరిచూసుకుంది. మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తింది ఆడగొంతు, వెనకాల మేకల అరుపులు.

"ఎవరూ?"

"అక్కా, భీమ్‌సింగ్ గారి ఇల్లేనా?"

"ఆయిన బిడ్డను. మాలతిని. ఎవరు?"

"నేను వెబ్‌సైట్ చేసినామెను అక్కా. ఊతం వెబ్‌సైట్. నెల కింద మీరు మంచం కోసం ఫోన్ చేసిండ్రు గదా, అది వేరే ఆయనకు పోయింది. నంబరు తప్పు పడ్డది. ఆ తప్పు నాదే, నేను సరిగ్గ చూసుకోలే, అందుకనే మీకు..."

"ఓ అక్కా," అవతల గొంతు అడ్డం వచ్చింది, తొందరగా, మేకల మీద అరిచి మళ్లీ ఫోనులోకి వచ్చి, "గదంత నాకెందుకు. మంచం ఉన్నదా లేదా, గది చెప్పు."

పద్మలత గోడ వైపు చూసింది. రాజయ్య అప్పటికే చీర లాగేసి మంచం కాళ్లు పట్టుకుని గుంజుతున్నాడు, ఇనుము నేల మీద కీచుమంటోంది.

"ఉన్నది," అంది. "తెస్తున్నం. దారి చెప్పు."